మా నంగా జట్టును దయచేసి మెచ్చుకోకండి

బాగా ఆలోచించి, బాధ్యతతోనే ఈ మాట అంటున్నాను. ఊరన్నాక మంచినీళ్ళ పంపు కావాలి, ఆస్పత్రి కావాలి, బడి కావాలి. ఇవన్నీ అమరాక ఆ ఊరు కష్టపడి సంపాదించుకోవలసింది మరొకటి ఉంది. ఎప్పుడూ ఓడిపోయే ఒక ఫుట్‌బాల్ జట్టు!

నవ్వకండి. గెలిచే జట్లున్న ఊళ్ళలో మనుషులు ఎలా బతుకుతున్నారో చూశారా? దార్ ఎస్ సలాం వెళ్ళి చూడండి. అక్కడ రెండు పెద్ద క్లబ్బులున్నాయి. రెండూ గెలుస్తాయి. అందుకని మొగుడిదొక పక్షం, పెళ్ళానిదొక పక్షం. మ్యాచ్ రోజు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతాయి. డ్రా అయితే రెండూ వెలగవు. మా రేవు పట్నం టాంగాలో ఆ గొడవే లేదు. మొగుడూ పెళ్ళాం అత్తగారూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని, ఒకే జట్టును తిట్టుకుంటూ, కొబ్బరిపాల అన్నం కడుపునిండా తింటారు. ఇంతకంటే సంసార సుఖం ఏముంటుంది?

ఆరోగ్యం సంగతి చూడండి. గెలుస్తామేమో అన్న ఆశ గుండెకు ఎంత చేటో ఏ డాక్టరునైనా అడగండి. మాకు ఆ బెడద లేదు. జనం ఇంకా సర్దుకుని కూర్చోకముందే మా వాళ్ళు ఒక గోలు సమర్పించుకుంటారు. హమ్మయ్య, ఒక పని అయిపోయింది అనుకుంటాం. మిగతా ఆటంతా సముద్రపు గాలి పీలుస్తూ, చెరకు ముక్కలు నములుతూ, ఎవరి కూతురి పెళ్ళి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటూ ప్రశాంతంగా చూస్తాం.

ఇక చదువు! నేను సెకండరీ స్కూల్లో లెక్కలు చెబుతాను కనుక ఇది అనుభవంతో అంటున్నాను. మిగతా ఊళ్ళలో ఋణ సంఖ్యలు చెప్పాలంటే మాస్టర్లు గొంతు చించుకోవాలి. సున్నా కంటే తక్కువ ఎలా ఉంటుంది సార్ అని పిల్లలు నిలదీస్తారట. మా పిల్లలు ఒక్కరూ అడగరు. లీగ్ పట్టికలో నంగా గోల్స్ తేడా చూస్తూ పెరిగిన పిల్లలండీ వాళ్ళు!

నంగా అంటే మా స్వాహిలీలో లంగరు. మా జెర్సీ ఆకుపచ్చ, దాని మీద తెల్ల లంగరు బొమ్మ. ఆ బొమ్మ పెట్టుకున్నాక పట్టికలో అడుగున కాక ఇంకెక్కడ ఉండమంటారు?

అలాగని మాది నిన్నగాక మొన్న పుట్టిన క్లబ్బేం కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మా రేవులో కిత్తనార మూటలు మోసే కూలీలు పెట్టారు. ఒకసారి రావలసిన స్టీమరు ఎంతకీ రాలేదు. మూటలు ఒడ్డున పేరుకుపోయాయి, చేతిలో పనిలేదు. తెగిన నారంతా పోగుచేసి బంతిలా చుట్టి తన్నడం మొదలుపెట్టారు. స్టీమరు వచ్చేసరికి జట్టు తయారైంది. ఆ స్టీమరు నావికులతోనే తొలి మ్యాచ్ ఆడారు. ఫలితం మీరు ఊహించగలరు. సంప్రదాయానికి పునాది ఆ రోజే పడింది!

కప్పు గెలవలేదా అంటారేమో, గెలిచాం. ఫైనల్ ఆడవలసిన అవతలి జట్టు ఎక్కిన రైలు దారిలో పాడైంది. వాళ్ళు రాలేదు, మేం వచ్చాం. వేళకు రావడం కూడా ఒక ప్రతిభే కదా! ఆ కప్పు ఇప్పటికీ క్లబ్బు అరుగు మీద ఉంది. సాయంత్రం అక్కడ కూర్చుని చేదు కాఫీ తాగేవాళ్ళు నంజుకోవడానికి అందులో పల్లీ పట్టీ వేసి ఉంచుతాం. గెలిచిన కప్పును రోజూ వాడుకునే క్లబ్బు ప్రపంచంలో ఇంకొకటుంటే చూపించండి.

ఆ నావికులతో ఆడిన మ్యాచ్‌లో గోల్‌కీపర్ బీ మ్వాజుమా తండ్రి. పెద్ద వయసు ఆడవాళ్ళను మేం బీ అని గౌరవంగా పిలుస్తాం. ఈవిడ స్టేడియం వెనక గోడ పక్కన మూకుడు పెట్టి కర్రపెండలం ముక్కలు వేయించి, ఉప్పూకారం చల్లి, నిమ్మకాయ పిండి అమ్ముతుంది. తన తండ్రిని దాటి వెళ్ళిన మొదటి గోలు గురించి ఆమె ఎంత గర్వంగా చెబుతుందంటే, వినేవాళ్ళకు అది మనమే కొట్టిన గోలేమో అనిపిస్తుంది. కూతురు దార్ ఎస్ సలాం రమ్మని ఎన్నోసార్లు పిలిచింది. ఈవిడ కదలలేదు.

"మా నాన్న సమాధి, మా నాన్న జట్టు, రెండూ నేను నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. మూడోది నాకేం అక్కర్లేదు," అంటుంది.

చూశారా! గెలిచే జట్టును నమ్ముకుంటే ఇంత తక్కువ కోరికలతో ఎవరైనా బతకగలరా?

ఇప్పుడు మీకు గోడ గురించి చెప్పాలి. స్టేడియానికి మెయిన్ గేటుంది. ఇనుపది, వెడల్పుగా ఉంటుంది, రంగు కూడా బాగుంటుంది. కానీ మా జట్టు అందులోంచి రాదు. ప్రత్యర్థులు ఏ మందో మాకో గేటు కింద పాతిపెడతారు, దాని మీదుగా నడిచినవాడి కాళ్ళు కట్టుబడిపోతాయి అని నమ్మకం. అందుకని మా ఆటగాళ్ళు వెనక గోడకు నిచ్చెన వేసుకుని ఎక్కి లోపలికి దూకుతారు. అభిమానులం కూడా జట్టు వెనకే గోడ దూకుతాం. మా వంశంలో మొదటి డిగ్రీ నాదే. ఆ డిగ్రీతోపాటు నేనూ దూకుతాను. అందరూ దూకుతుంటే నేనొక్కణ్ణీ గేటులోంచి వెళ్ళి జట్టును ఓడించానన్న నింద మోయలేను కదా! ఇలా దూకినందుకు లీగ్ వాళ్ళు జరిమానా వేస్తారు. ఆటగాళ్ళ జీతాలు ఆలస్యమవుతాయేమో గానీ ఆ జరిమానా మాత్రం క్లబ్బు ఠంచనుగా కడుతుంది.

ఈ గోడ వ్యవహారానికి పెద్ద మ్జే కొంబో. మ్జే అంటే పెద్దాయన. పడవలు చేసే వడ్రంగి, మా అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఏ మ్యాచ్‌కు గోడలో ఏ చోట ఎక్కాలో ఆయనే నిర్ణయిస్తాడు. నిచ్చెన కూడా ఆయన చేసిందే.

పోయిన సీజన్ చివరి మ్యాచ్ దగ్గర మాకు పెద్ద ఆపద వచ్చిపడింది. ఆ మ్యాచ్ గెలిస్తేనే పై లీగ్‌లో ఉంటాం. ఓడినా, డ్రా అయినా కింద లీగ్‌కు పడిపోతాం. పడిపోతే క్లబ్బు తలుపులు మూసేస్తామని క్లబ్బు ప్రెసిడెంటు రేడియోలో ప్రకటించాడు. ఆయన దార్‌లో ఉంటాడు, మాకు రేడియోలోనే ఎక్కువ పరిచయం. ఆ మాట విన్న రోజు బీ మ్వాజుమా పొయ్యి వెలిగించలేదు. సమాధి ఒక్కటే మిగులుతుందా అని నన్ను అడిగింది.

మ్యాచ్‌కు ముందురోజు మ్జే కొంబో అందరినీ అరుగు మీదికి పిలిచాడు. మర్నాడు మాతో ఆడబోయే కొండ ఊరి జట్టు మనుషులు గేటు దగ్గర తచ్చాడుతుండగా తాను కళ్ళారా చూశానన్నాడు. రేపటిదాకా ఎవరూ గేటు ఛాయలకు పోకూడదు, అసలు అటు చూడనే కూడదు అని ఆజ్ఞ వేశాడు.

"చూస్తే ఏమవుతుంది, మ్జే?" అంది బీ మ్వాజుమా.

"చూపు కట్టుబడిపోతుంది."

"మన ఫార్వర్డు చూపు ఎప్పుడో కట్టుబడిపోయింది. గోలు ఎటుందో కనబడక ఎన్నాళ్ళయిందో. ముందు దానికేదైనా విరుగుడు చూడు."

మ్జే కొంబో కాఫీ చప్పరించి, వినబడనట్టే, రేపు నిచ్చెన వెయ్యాల్సిన చోటు సరిగ్గా ఆమె మూకుడు పెట్టుకునే చోటేనని ప్రకటించాడు. ఆమె జరగనంది. మా నాన్న ఆడిన రోజుల్నుంచీ అది మా చోటు, నీ నిచ్చెనకే కాళ్ళున్నాయి కదా, దాన్నే జరుపుకో అంది. చివరికి ఇద్దరూ జరగలేదు. నిచ్చెన, మూకుడు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

మర్నాడు ఏం జరిగిందో చెబితే మీరు నమ్మరు. నిచ్చెన ఎక్కబోతూ మా గోల్‌కీపర్ మ్హీనా, సలసల కాగుతున్న నూనెలో కాలు పెట్టకుండా పక్కకు గెంతాడు. మడమ బెణికింది. ఇక రెండో గోల్‌కీపర్ అబెదియే దిక్కు. అబెదికి ఒక ప్రత్యేకత ఉంది. బంతి దగ్గరికొస్తుంటే కళ్ళు మూసుకుంటాడు.

ఊరంతా తలపట్టుకు కూర్చుంది. ఆట జరుగుతోంది, గోలు పడడం లేదు. మాకు పడడం లేదు సరే, వాళ్ళకూ పడడం లేదు! ఇది మాకు అలవాటు లేని పరిస్థితి. నోట్లో చెరకు నోట్లోనే ఉండిపోయింది. ఆట చివర్లో మాకో కార్నర్ దొరికింది. మా కెప్టెన్ బంతిని యథాప్రకారం ఎటో తన్నాడు. సరిగ్గా అప్పుడే సముద్రం మీంచి ఒక గాలి లేచి, ఆ బంతిని మెల్లగా వెనక్కి తిప్పి, వాళ్ళ గోలులో పెట్టింది. మేం చప్పట్లు కూడా కొట్టలేదు. ఏదో పొరపాటు జరిగింది, రిఫరీ చూసుకుంటాడు అనుకున్నాం. ఆయన గోలన్నాడు!

ఆ వెంటనే వాళ్ళకు పెనాల్టీ ఇచ్చాడు. అదిగో, లోకం మళ్ళీ దారిలో పడింది అనుకున్నాం. అబెది కళ్ళు మూసుకున్నాడు. బంతి కుడివైపు వస్తే ఎడమవైపు దూకాడు. దూకేటప్పుడు వెనక వేలాడిన కాలి మడమకు తగిలి బంతి బయటికి పోయింది. ఈల మోగింది.

గెలిచాం!

ఆ సాయంత్రం టాంగాను మీరు చూడవలసింది. రేవులో పడవలన్నీ హారన్లు మోగించాయి. మోటారుసైకిళ్ళ వాళ్ళు కిరాయి తీసుకోకుండా జనాన్ని ఎక్కించుకుని, ఎక్కడికీ పోకుండా గుండ్రంగా తిప్పారు. మ్జే కొంబో గోడను కావలించుకుని వదలనన్నాడు. సున్నం చొక్కా నిండా అంటుకుంది. బీ మ్వాజుమా కర్రపెండలం ఊరికే పంచింది. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకు పెట్టింది.

అలా చెయ్యి చాపినవాళ్ళలో ఒకాయన తెల్ల బూట్లు వేసుకున్నాడు.

ఈయన ఎక్కణ్ణుంచి వచ్చాడో తర్వాత తెలిసింది. మేమంతా వెనక గోడ దగ్గర కాపలా కాస్తుంటే, ఈయన మెయిన్ గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని తాపీగా నడిచి వచ్చాడు. గేటులోంచి వచ్చిన మనిషిని చూసి టికెట్ల అతను ఎంత సంబరపడ్డాడంటే, తన సొంత కుర్చీ నీడలో వేసి కూర్చోబెట్టాడు.

తెల్ల బూట్ల ఆయన కర్రపెండలం తింటూ బీ మ్వాజుమాను మర్యాదగా అడిగాడు. "జట్టు ఎలా ఉందమ్మా?"

"బంగారం నాయనా," అందావిడ. "ఇక ఈ లీగ్‌లోంచి మమ్మల్ని ఎవరూ కదల్చలేరు."

ఆయన చాలా సంతోషించాడు. నూనె చేతులు రుమాలుతో శుభ్రంగా తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు రేడియో చెప్పింది. నంగా క్లబ్బుకు పై లీగ్‌లో ఉన్న చోటును ఒక పెద్దమనిషి కొనుక్కున్నాడట. దూరంగా లోపలి జిల్లాలో ఆయన కొత్త స్టేడియం కట్టించాడట. స్టేడియం ఉంది గానీ అందులో ఆడటానికి జట్టు లేదట. కింద లీగ్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి రావాలంటే ఏళ్ళు పడుతుంది కదా, అందుకని తయారుగా ఉన్నదాన్ని తీసుకుపోతున్నాడు. పేరు మారుస్తారు. రంగు మారుస్తారు. లంగరు తీసేస్తారు.

పడిపోయే జట్టు చోటును ఎవరూ కొనరు. నిలబడ్డాం కాబట్టే అమ్ముడుపోయాం. అర్థమైందా అండీ, ఓటమిలో ఉన్న భద్రత?

ప్రెసిడెంటు సామాన్లు లెక్క చూసుకోవడానికి టాంగా వచ్చినప్పుడు అందరం వెళ్ళి ఆయన్ని చుట్టుముట్టాం. సభ్యులను ఒక్క మాట అడగకుండా ఎలా అమ్మారని అడిగాం. ఆయనకు కోపం రాలేదు, జాలిపడ్డాడు. సభ్యుల సమావేశం పెట్టామన్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్ళు రావచ్చని నోటీసు కూడా అంటించామన్నాడు. ఒక్కరూ రాలేదు, అంటే అందరికీ ఇష్టమేనని రాసుకున్నామన్నాడు.

"నోటీసు ఎక్కడ అంటించారు?" అని అడిగాడు మ్జే కొంబో.

"మెయిన్ గేటుకు," అన్నాడాయన.

మేం పొద్దున్నే బజారుకు వెళ్ళినా తల తిప్పుకుని దాటే గేటు అది. ఆ సంగతి ప్రెసిడెంటుకు తెలియదా? ఏటేటా ఆ గోడ జరిమానా కట్టింది ఆయనే కదా!

ఆటగాళ్ళను తీసుకుపోవడానికి బస్సొచ్చింది. బస్సుకు నిచ్చెన వెయ్యలేం. అలా మా నంగా జట్టు తన చరిత్రలో మొదటిసారి మెయిన్ గేటులోంచి బయటికి నడిచింది. కుంటుతున్న మ్హీనా చివర్న ఎక్కాడు. బీ మ్వాజుమా కిటికీలోంచి అందరికీ పొట్లాలు అందించింది. కాళ్ళు కట్టుబడతాయని ఇన్నాళ్ళూ భయపడ్డాం. ఒక్కడి కాలు కూడా కట్టుబడలేదు.

కప్పును మాత్రం తీసుకుపోలేదు. అందులో పల్లీ పట్టీ ఉండటం చూసి అది కప్పు అనుకోలేదు.

మర్నాడు పొద్దున బీ మ్వాజుమా మూకుడు ఎత్తుకుని వచ్చి, గోడ దగ్గర కాదు, మెయిన్ గేటు పక్కన పెట్టింది. మ్జే కొంబో పరిగెత్తుకుంటూ వచ్చాడు. అక్కడ కూర్చోకు బీ, ఆ చోటు మంచిది కాదు అన్నాడు.

"చెడు గేటులోంచే వస్తుందని నువ్వు చెప్పింది నిజమే, మ్జే," అంది ఆవిడ. "కాకపోతే దాని చేతిలో టికెట్టుంది. ఇక్కడ ఎవరో ఒకరం కూర్చోవాలి."

ఆయన ఇంటికి వెళ్ళి రంపం తెచ్చి, ఆ నిచ్చెన కోసి, ఆమె కూర్చోవడానికి గేటు పక్కన ఒక బెంచీ చేసిపెట్టాడు.

అన్నట్టు, మేం మళ్ళీ ఒక జట్టు పెట్టుకున్నాం. జిల్లాలో అన్నిటికంటే కింద ఉండే లీగ్. అదే పేరు, అదే ఆకుపచ్చ, అదే లంగరు. గోల్‌కీపర్ అబెది. కొత్త ఊరివాళ్ళు కళ్ళు తెరిచి ఆడేవాణ్ణి తెచ్చుకుని ఇతన్ని బస్సు ఛార్జీలిచ్చి వెనక్కి పంపేశారు. మొదటి మ్యాచ్ అయిదు గోల్స్ తేడాతో ఓడిపోయాం. బీ మ్వాజుమా ఆ సాయంత్రం తండ్రి సమాధి దాకా నడిచి వెళ్ళి ఆ సంగతి చెప్పి వచ్చింది. నడిచి వెళ్ళి, నడిచే వచ్చింది.

ఈ మధ్య ఇంకొక పెద్దమనిషి గేటు దగ్గర కారు దిగాడు. ఈయనవి గోధుమరంగు బూట్లు. కర్రపెండలం కొనుక్కుని, జట్టు ఎలా ఉందమ్మా అని అడిగాడు.

"దరిద్రం నాయనా," అంది బీ మ్వాజుమా. "బంతి గుండ్రంగా ఉంటుందని మా వాళ్ళకు ఇంకా తెలియదు."

అప్పుడే లోపల్నుంచి ఊరంతా ఒక్కసారిగా కేక పెట్టింది.

"మరి ఆ అరుపులేమిటి?"

"ఏడుస్తున్నారు," అన్నాడు బెంచీ మీద కూర్చున్న మ్జే కొంబో.

గోధుమరంగు బూట్ల ఆయన లోపలికి తొంగి చూడకుండానే కారెక్కాడు.

కాబట్టి పాఠకులారా, మీకు నా మనవి ఒక్కటే. ఓటమి గొప్ప వరం, మా టాంగాకు అది పుష్కలంగా ఉంది. మా జట్టులో కొనదగింది ఏమీ లేదు. పోయిన ఆదివారం నాలుగు గోల్స్ కొట్టామని ఎవరైనా చెబితే నమ్మకండి, అది గాలి చేసిన పని. అంతకు ముందు ఆదివారం కూడా గాలే. శుభ్రమైన బూట్లు వేసుకున్న మిత్రులెవరైనా మీకుంటే ఈ సంగతి వాళ్ళకు తప్పకుండా చెప్పండి. జిల్లా లీగ్ పట్టికలో నంగా పేరు అన్నిటికంటే పైన ఉందని వాళ్ళు గనక అంటే, ఆ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నారేమో ఒకసారి చూసుకోమనండి.